పచ్చమ్మాయి

ఫిబ్రవరి 2

అత్తయ్యకి,

ఈ చేతిరాత మీకు కొత్త. నేను మీ తమ్ముడి కూతుర్ని. నాన్న పోయాక ఆయన పెట్టె సర్దుతుంటే మీ అడ్రసు దొరికింది. మీ కింది వాటాలో ఉన్న టైలరుకి ఫోను చేస్తే, "ఆవిడకి చెవుడండీ, ఫోనులో గొంతు చించుకున్నా లాభం లేదు, ఉత్తరం రాయండి" అన్నాడు. అందుకే ఇలా.

నేను పాత బట్టలు భద్రపరిచే మ్యూజియంలో పనిచేస్తున్నాను. చిరుగులు కుట్టడం, మరకలు తీయడం, బొమ్మలకి తొడగడం నా పని. ఏప్రిల్ మొదట్లో ఒక ప్రదర్శన పెడుతున్నాం. పేరు "ఒకే రంగు". ఒకప్పుడు ఆడవాళ్ళకి టోపీ నుంచి జోళ్ళ దాకా, కనురెప్పల నుంచి గోళ్ళ దాకా అన్నీ ఒకే రంగులో వేసుకునే మోజు ఉండేది కదా, దాని గురించి. గదికో మనిషి, మనిషికో రంగు. మధ్య గది ఇంకా ఖాళీగా ఉంది. మా పెద్ద మేడం ఆ గది నాకు వదిలేసి, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అంది. నేను అక్కడ అమ్మని నిలబెట్టాలనుకుంటున్నాను.

అదే పెట్టెలో అమ్మ ఫొటో ఒకటి దొరికింది. వెడల్పాటి మెట్ల మీద ఒక కాలు కిందికి వేస్తూ, పక్కకి చూస్తోంది. టోపీ, దాని ముందు వేలాడే వల, గ్లౌజులు, పర్సు, జోళ్ళు, అన్నీ ఒకే రంగువని తెలుస్తూనే ఉంది. కానీ ఫొటో నలుపు తెలుపు. అందులో అమ్మంతా బూడిద రంగే.

అమ్మ నా పసితనంలోనే పోయింది, నాన్న ఎప్పుడూ ఆవిడ మాట ఎత్తేవాడు కాదు. ఆ రంగేమిటో మీకు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. నా మనసులో ఒక రంగు ఉంది. ముందు నేను చెప్పను, మీ నుంచే తెలుసుకోవాలి.

మీ మేనకోడలు

ఫిబ్రవరి 9

ఒసేయ్ బుడ్డీ,

కవరు మీద కొత్త చేతిరాత చూసి కరెంటు ఆఫీసు వాళ్ళనుకుని విప్పకుండా పక్కన పడేశాను. తీరా విప్పాక చదివిందే చదివాను. కళ్ళజోడు తుడుచుకోవడం, చదవడం, మళ్ళీ తుడుచుకోవడం. తమ్ముడు పోయిన సంగతి నాకు నీ ఉత్తరమే చెప్పింది. నీకిప్పుడు ఎన్నేళ్ళో లెక్కేసి, ఆ లెక్క తప్పేమోనని మళ్ళీ వేశాను. నా ఎదురుగా నువ్వు ఇంకా జోళ్ళు కుడిఎడమలు మార్చి వేసుకుని తిరుగుతున్నావే మరి.

చెవుడన్నాడా ఆ టైలరు! కాస్త తక్కువ వినిపిస్తుంది, అంతే. వాడి కత్తెరకి పదును లేదని నేను ఊరంతా చెప్పానా?

సరే, విను. అది నాలుగంతస్తుల బట్టల షాపు. ఇప్పుడు అక్కడ కార్లు నిలబెడుతున్నారు. రోజూ సాయంత్రం టీ వేళకి షాపులో పియానో మొదలయ్యేది, పెద్ద మెట్ల మీద నుంచి అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు దిగేవాళ్ళు. టీ తాగుతున్న ఆడవాళ్ళ బల్లల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి, మళ్ళీ మెట్లెక్కి మాయమయ్యేవాళ్ళు. ఒక్క మాట మాట్లాడకూడదు, నవ్వకూడదు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. పేర్లతో ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ఎర్రమ్మాయి, నీలమ్మాయి, ఊదామ్మాయి. మీ అమ్మ పచ్చమ్మాయి. తల నుంచి కాలి దాకా పచ్చే. మబ్బు పట్టిన రోజున కూడా ఆ పిల్ల మెట్లు దిగితే షాపులోకి ఎండ వచ్చినట్టుండేది.

వాళ్ళందరికీ మొహాలు దిద్దేది నేను. నాలుగో అంతస్తులో వెనక గది మాది. అద్దం చుట్టూ దీపాలు, గాలిలో ఎప్పుడూ పౌడరు. తలుపు తీసి లోపలికొస్తే మంచులోకి వచ్చినట్టుండేది. మీ నాన్న లిఫ్టు నడిపేవాడు. మా అందరినీ కిందికీ పైకీ మోసి మోసి, చివరికి పచ్చమ్మాయిని ఇంటికే తెచ్చుకున్నాడు.

ఇంకేం కావాలో అడుగు. నాకు పగలంతా ఖాళీయే.

మీ పౌడరత్త
(నువ్వు పెట్టిన పేరే. నీకు గుర్తుండదులే.)

ఫిబ్రవరి 15

అత్తయ్యకి,

పచ్చ! మీ ఉత్తరంలో ఆ మాట చదవగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా కుట్టుగదిలో అందరూ నాకేమైందోనని చూశారు. నా మనసులో ఉన్న రంగు కూడా అదే అత్తయ్యా.

ఇప్పుడు చెబుతాను. అమ్మ గురించి నాకున్నది ఒకే ఒక్క జ్ఞాపకం. నేను ఎవరి ఒళ్ళోనో ఉన్నాను. పైన మొహం కనిపించదు, వెనక బోలెడు దీపాలు. పచ్చటి చెయ్యి ఒకటి కనిపిస్తుంది. మణికట్టు దగ్గర గుడ్డ చుట్టిన గుండీలు. ఆ చెయ్యి మెత్తటి కుంచెతో నా ముక్కు మీద పౌడరు అద్దుతుంది. నేను తుమ్ముతాను. ఆ చెయ్యి నన్ను దగ్గరికి లాక్కుంటుంది. అంతే. అంతకు మించి అమ్మ నా దగ్గర లేదు. ఎప్పుడైనా ఒంట్లో బాగోకపోతే ఇప్పటికీ కళ్ళు మూసుకుని ఆ చేతిని తలుచుకుంటాను. అది నేను కల్పించుకున్నదేమో, నిజంగా జరగలేదేమో అని ఇన్నేళ్ళూ భయంగా ఉండేది. మీరు ఒక్క మాటతో ఆ భయం తీసేశారు.

ఇక పనిలోకి వస్తాను. ఎలాంటి పచ్చ? లేతా, ముదురా? గ్లౌజులు ఎంత పొడుగు? కనురెప్పలకి ఏం వేసేవారు? పెదాలకి కూడా ఆ రంగేనా? అన్నీ రాయండి, ఏదీ చిన్న విషయం కాదు.

మీ మేనకోడలు

ఫిబ్రవరి 23

బుడ్డీ,

ఇల్లు కారుతోంది. గది మధ్యలో బకెట్టు పెట్టి, పక్కన కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద మరకలుంటే అవి వానవి. అన్నీ కాదులే.

నీ జ్ఞాపకం చదివాను. మీ అమ్మ నిన్ను వాసన చూడకుండా మెట్లు దిగేది కాదు. "ఒక్కసారి వదినా, ఒక్కసారి" అంటూ వచ్చి నీ మెడలో ముక్కు పెట్టేది, నేను వేసిన పౌడరంతా నీకు అంటించి పోయేది. మళ్ళీ దిద్దలేక నా తల ప్రాణం తోకకొచ్చేది. ఆ గుండీలు మాత్రం ఎక్కడివో అంతు పట్టలేదు. ఆ గౌనుకి అసలు చేతులే లేవు, గ్లౌజులకి గుండీలు లేవు. పోనీలే, పసిదానివి, ఎక్కడివో తెచ్చి అక్కడ కుట్టుకున్నావు.

ఎలాంటి పచ్చ అంటావేమిటి! పాలిపోయిన రంగు కాదు. ముదురుగా, కంటికి నిండుగా ఉండే మంచి పచ్చ. గౌను నడుము దాకా బిగుతు, కింద గొడుగు విప్పినట్టు మోకాళ్ళ కిందికి. గ్లౌజులు మోచేతులు దాటాలి. టోపీ చిన్నది, పక్కకి వాల్చి పిన్ను పెట్టేదాన్ని. దాని నుంచి కళ్ళ దాకా సన్నటి వల, అదీ పచ్చే. మేజోళ్ళు ఆ రంగులో దొరక్క నేనే రంగునీళ్ళలో ముంచి ఆరేసేదాన్ని. ఆ రంగు నా గోళ్ళ సందుల్లోంచి పోయేది కాదు. పక్కింటావిడ చూసి, నాకేదో జబ్బు చేసిందని మంచినీళ్ళు కూడా దూరం నుంచి ఇచ్చింది.

కనురెప్పలకి పచ్చ పొడి వేలితో అద్దాలి. కుంచెతో అయితే గీతలు పడతాయి. పైన ఎముక దగ్గర కొంచెం బంగారు పొడి. కళ్ళ చివర నల్లగీత, పైకి చిన్న తోక. గోళ్ళకి పచ్చే, అయితే గోరు మొదట్లో నెలవంకంత వదిలెయ్యాలి, అప్పటి పద్ధతి అది. పెదాలకి కూడా పచ్చే వెయ్యమని యజమాని పట్టుబట్టాడు. "అయ్యా, అలా వేస్తే మెట్ల మీద నుంచి అమ్మాయి కాదు, శవం దిగుతుంది" అన్నాను. పెదాలకి ఉత్త మైనం రాసి మెరుపు తెప్పించాను. ఆయన దగ్గర మాట నెగ్గించుకున్నది నేనొక్కదాన్నే.

ఒక సాయంత్రం అమ్మాయిలు మెట్లు దిగుతుండగా కరెంటు పోయింది. పియానో ఆగిపోయింది. ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఎవరో కొవ్వొత్తులు తెచ్చి మెట్ల పక్కన పెట్టారు. ఆ వెలుగులో ఎరుపు నల్లబడింది, నీలం నల్లబడింది, ఊదా ఎటుపోయిందో తెలియలేదు. మీ అమ్మ ఒక్కతే వెలుగుతూ కనబడింది. కింద కప్పులు పట్టుకున్నవాళ్ళు తాగడం మానేసి చూస్తున్నారు. నేను పై మెట్టు మీద నిలబడి, ఆ రంగు నా చేత్తో వేశాను కదా అనుకున్నాను. అంత అందం మళ్ళీ నా జన్మలో చూడలేదు.

మీ నాన్న సంగతి మరిచాను. ఆ పచ్చ లిఫ్టులోకి రాగానే రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆపేసేవాడు, చెడిపోయిందని చెప్పి. రోజూ ఆవిడ ఎక్కినప్పుడే చెడిపోయేది.

మీ పౌడరత్త

మార్చి 3

అత్తయ్యకి,

నాన్న లిఫ్టు ఆపేసేవాడని చదివి మా మేడంకి వినిపించాను. ఆవిడ, "పచ్చ కనబడితే బండి పోనివ్వాలి గానీ ఆపడమేమిటి? మీ నాన్నగారికి సిగ్నలు దీపాల సంగతి తెలియదా?" అని ఒకటే నవ్వు.

పని ముప్పావు వంతు అయిపోయింది. ఆ ముదురు పచ్చ కోసం బట్టల బజారంతా కాళ్ళరిగేలా తిరిగాను. చివరికి ఒక ముసలాయన అటక మీద నుంచి పాత పట్టు తాను దింపాడు. విప్పి పరిస్తే, వాన వెలిశాక చెట్టు కింద నిలబడినట్టనిపించింది. గౌను కుట్టడం అయింది. టోపీకి వల నేనే అల్లుతున్నాను. సన్నటి దారం, చిన్న చిన్న ముళ్ళు. రోజంతా అల్లితే అరచేయంత వస్తుంది. అల్లుతూ అల్లుతూ నిద్రలోకి జారితే కలలో కూడా అదే రంగు. నేనెక్కడో చల్లటి నీళ్ళ అడుగున కూర్చుని ఉంటాను, పైన మెట్ల మీద నుంచి అమ్మ దిగుతూ ఉంటుంది, ఎంతకీ కిందికి రాదు.

మీరు రాసినట్టే కొవ్వొత్తి పెట్టి చూశాను. పట్టు నల్లగానే కనిపించింది. పాత బట్ట కదా, లేకపోతే ఆ వెలుగు అమ్మలోనే ఉండేదేమో.

నిన్న ఎవరూ లేనప్పుడు గౌను నేను వేసుకుని, కనురెప్పలకి పచ్చ పొడి వేలితోనే అద్దుకుని, అద్దం ముందు నిలబడ్డాను. నాకు బాగా నప్పింది. అమ్మ పోలికే నాది అని మొదటిసారి అనిపించింది.

మిగిలిన ముక్కతో మీకు ఒక జత గ్లౌజులు కుట్టి విడిగా పార్సిలు పంపాను. మోచేతులు దాటేలానే కుట్టాను. అమ్మ చేతులు పట్టుకున్నట్టుంటుంది మీకు.

మీ మేనకోడలు

మార్చి 10

బుడ్డీ,

ముందు మీ మేడం సంగతి. పచ్చ దీపం కనబడితే పోనివ్వాలా? పచ్చ దీపం పడితే నెమ్మది చెయ్యాలి! ఎర్రదానికి ముందు వచ్చేది అదేగా? ఆవిడ చేతికి ఎవరూ బండి ఇవ్వకండి. మీ నాన్న నెమ్మది చేసి చేసి ఆపేశాడు, తప్పేముంది. ఇంకో మాట, ఆ రంగు చూస్తే చెట్టు కింద నిలబడినట్టుందంటావేమిటి? చెట్టేమిటే మధ్యలో? కవిత్వం గానీ రాస్తున్నావా

ఇక్కడ ఆపాను. టైలరు పార్సిలు పట్టుకుని పైకొచ్చాడు. విప్పాను.

బుడ్డీ, ఇవి ఆకుపచ్చ గ్లౌజులు.

ఆకుపచ్చ ఎందుకే? నేను పచ్చ అని రాశాను కదా, అక్షరాలా పచ్చ అని! పసుపు రంగు తల్లీ. పండిన నిమ్మకాయ రంగు. నేను పుట్టినప్పటి నుంచీ దాన్ని పచ్చ అనే అంటున్నాను, మా అమ్మ అదే అనేది. ఆకు రంగుని ఆకుపచ్చ అంటాం, ఆకుందని చెప్పడానికేగా ముందు ఆ మాట పెట్టింది! పచ్చకామెర్లు వచ్చినవాడికి ఆకులు మొలుస్తాయటే?

టైలరు మెట్ల మీద కూర్చుని, "లేదండీ, మా ఇంట్లో పచ్చంటే ఆకు రంగే, పచ్చగడ్డి అనరా, రైలుకి పచ్చజెండా ఊపరా" అని మొదలెట్టాడు. గంటసేపు పోట్లాడుకున్నాం. వాడిది కింది వాటా, నాది పై వాటా, మధ్యలో ఇరవై మెట్లు, ఇన్నేళ్ళ నుంచీ ఒకే మాటని రెండు రంగులకి వాడుకుంటూ హాయిగా బతికేశాం.

నీ కష్టమంతా మట్టిపాలు చేశాను. అంత పట్టు, అంత వల. ముందే ఒక గుడ్డముక్క పంపమని నాకైనా తోచలేదు. ఇంకా మూడు వారాలుందిగా. ఏదైనా దారి చూడు.

అత్త

మార్చి 15

అత్తయ్యకి,

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. మేడంకి చెప్పాను, ఆవిడా నవ్వింది. పసుపు పట్టు నాకు దొరుకుతుంది, కుట్టుకుంటాను, అది కష్టమే గానీ బాధ కాదు.

ఇంటికొచ్చాక వేరే సంగతి తట్టింది. అప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

నాకు గుర్తున్న చెయ్యి ఆకుపచ్చది అత్తయ్యా. పసుపు కాదు. ఆకు రంగే. నాకు ఆ రంగు ఎంత తెలుసంటే, బజారులో ఆ తాను చూడగానే ఇదే అన్నాను.

అమ్మకి ఆకుపచ్చవి ఏవైనా ఉండేవా? ఒక కోటు, ఒక స్వెట్టరు, ఇంట్లో వేసుకునే పాత గౌను, ఏదైనా సరే. గుండీలున్నది. ఉండే ఉంటుంది, మీరు మరిచిపోయి ఉంటారు. ఒకసారి బాగా గుర్తు చేసుకోండి. ఉందని రాస్తే చాలు, ఇంకేమీ అడగను. ప్రదర్శన ఎలా పోయినా ఫర్వాలేదు. అమ్మ నాకు ఆ చెయ్యిగానే తెలుసు. అది అమ్మది కాకపోతే నా దగ్గర అమ్మ లేనట్టే.

మీ మేనకోడలు

మార్చి 21

నా తల్లికి,

ఉందని రాశాను. ఆకుపచ్చ స్వెట్టరు ఉండేది, చేతులకి గుండీలుండేవి, చలికాలంలో వేసుకునేది అని, నమ్మేలా బాగా రాశాను. కవరు అంటించాను. టైలరుకిచ్చి పోస్టు చెయ్యమన్నాను. వాడు వీధి మలుపు తిరిగాక కిటికీలోంచి అరిచి వెనక్కి పిలిచి, తీసుకుని చింపేశాను. నువ్వు రోజంతా పాత బట్టలు చేత్తో పట్టుకునే మనిషివి. లేని స్వెట్టరు ఎన్నాళ్ళు కట్టబెట్టగలను నీకు?

మీ అమ్మ ఒంటి మీద ఆకుపచ్చ నేనెప్పుడూ చూడలేదు. ఆ షాపులో ఏ అమ్మాయికీ ఆ రంగు ఇచ్చేవాళ్ళు కాదు. ఎందుకంటే అది మా రంగు. లోపల పనిచేసేవాళ్ళది. మొహాలు దిద్దేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు, పెట్టెలు మోసేవాళ్ళు, అందరికీ ఆకుపచ్చ కోట్లు. ఆ రంగు కనబడితే కొనేవాళ్ళు తల తిప్పేసుకునేవాళ్ళు. మేమున్నా లేనట్టే. మా గదిలో వాళ్ళకి మాత్రం కోటు గుండీలకి గుడ్డ చుట్టించేవాళ్ళు, అమ్మాయిల బుగ్గలు గీసుకుపోకుండా. నీ ఉత్తరంలో గుండీలు చదివినప్పుడే నాకు తట్టాల్సింది. నా చెయ్యి నాకే గుర్తు రాలేదు చూడు.

ఆ చెయ్యి నాది బుడ్డీ.

మీ అమ్మ కింద నడిచినంతసేపూ నువ్వు నా ఒళ్ళో ఉండేదానివి. ఏడుపు మొదలెడితే ముక్కు మీద పౌడరు అద్దేదాన్ని. తుమ్మి, నవ్వేదానివి. తర్వాత మీ అమ్మకి దగ్గు పట్టుకుంది. డాక్టరు బిడ్డని దూరంగా ఉంచమన్నాడు. అప్పటి నుంచి పగలూ రాత్రీ నా దగ్గరే ఉన్నావు. ఆవిడ పోయాక మీ నాన్నకి ఆ లిఫ్టూ ఆ మెట్లూ చూస్తే ఊపిరాడేది కాదు. నిన్నెత్తుకుని ఊరు విడిచి వెళ్ళిపోయాడు. వాణ్ణి తప్పుపట్టను. కానీ ఆ రోజు నుంచి నా ఒళ్ళు ఖాళీ అయిపోయింది, మళ్ళీ నిండలేదు.

పసిపిల్లకి నేనేం గుర్తుంటానులే అని సర్దిచెప్పుకుని బతికాను. ఇప్పుడు తెలిసింది, నేను గుర్తున్నాను. సంతోషించాలో, మీ అమ్మని నీ దగ్గర్నుంచి లాక్కున్నానని ఏడవాలో తెలియక రెండూ చేస్తున్నాను.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. జవాబు మాత్రం మానకు.

అత్త

ఏప్రిల్ 4

అత్తా,

ఇన్నాళ్ళు రాయకపోవడం కోపంతో కాదు. కొంత పని, కొంత ఏడుపు. అమ్మ గురించి ఉన్న ఒక్కటీ పోయింది అత్తా. నువ్వు ఎంత ప్రేమగా రాసినా అది పోవడం పోవడమే. రెండు రోజులు మంచం దిగలేదు. కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి వస్తోంది, కానీ ఎవరిదని పిలవాలో తెలియడం లేదు.

మూడో రోజు లేచి పనికి వెళ్ళాను. పసుపు పట్టు తెచ్చాను. మా కుట్టుగదిలో వాళ్ళంతా వాళ్ళ పని పక్కన పెట్టి నా గౌను పట్టుకున్నారు. వల మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, మొత్తం నేనే అల్లాను. అమ్మ నిలబడింది. రెప్పల మీద పసుపు నా వేలితోనే అద్దాను. గోళ్ళకి నెలవంకలు వదిలాను, పెదాలకి ఉత్త మైనం రాశాను. తలుపులు తెరిచే ముందు దీపాలన్నీ ఆర్పి కొవ్వొత్తి వెలిగించాను. ఆ పక్క గదిలో ఎర్రావిడ, ఈ పక్క గదిలో నీలావిడ నల్లబడిపోయారు. అమ్మ ఒక్కతే మిగిలింది. నువ్వు చూసింది నేనూ చూశాను.

ఆకుపచ్చ గౌను విప్పేశాను. దాని కుచ్చిళ్ళలో బోలెడు బట్ట. పొడుగు చేతుల కోటు కుట్టి, గుండీలకి గుడ్డ చుట్టి, ఇంకో బొమ్మకి తొడిగాను. అమ్మ వెనక, టోపీ పిన్ను సర్దుతున్నట్టు నిలబెట్టాను. మేడం చూసి, "ప్రదర్శన పేరు ఒకే రంగు కదమ్మా, గదికి రెండు రంగులేమిటి?" అంది. "రెండూ పచ్చే కదా మేడం" అన్నాను. ఆవిడ కోటు భుజం మీది దారప్పోగు తీసేసి వెళ్ళిపోయింది.

రోజూ జనం వస్తున్నారు. అమ్మ ముందు ఆగి అబ్బ అంటున్నారు. కోటు మనిషిని చాలామంది చూడనే చూడరు. నేను మూలన నిలబడి ఆ చేతినే చూస్తుంటాను.

అమ్మని ఏదైనా అడగాలంటే నాకు ఎప్పుడూ వీల్లేదు. నిన్ను అడగొచ్చని నిన్ననే తట్టింది. ఇన్నేళ్ళు తలుచుకున్న చెయ్యి బతికుంది, ఉత్తరం రాస్తే జవాబిస్తుంది. ఆదివారం బండికి వస్తున్నాను. ఈలోగా ఒక్కటి చెప్పు. పౌడరత్త అని నేను పేరు పెట్టానన్నావు. ఆ పేరు పలకాలంటే నోరు తిరగాలి. అంతకు ముందు, నోరు తిరగనప్పుడు, నీ ఒళ్ళో కూర్చుని నిన్ను ఏమని పిలిచేదాన్ని?

నీ బుడ్డి

ఏప్రిల్ 8

బుడ్డీ,

ఇది నువ్వు బయలుదేరే లోపు చేరాలని టైలర్ని పరుగెత్తిస్తున్నాను.

ఈ ప్రశ్న అడగవులే అనుకున్నాను.

అమ్మా అని పిలిచేదానివి. నీకు వచ్చిన మొదటి మాట అది, నా కోటు పట్టుకుని అన్నావు. నేను భయపడిపోయి, "అత్త అను, అత్త" అని దిద్దేదాన్ని. నువ్వు మళ్ళీ అదే అనేదానివి. అప్పటికే మీ అమ్మకి దగ్గు మొదలైంది. అద్దం ముందు కూర్చుని, రెప్పలు మూసుకుని, నా వేలు తన కళ్ళ మీద ఉండగా ఇదంతా వింటోంది. నా వేలి కింద రంగు చెదిరింది.

కళ్ళు తెరవకుండానే అంది. "దిద్దకు వదినా. దానికి అలవాటవనీ."

ఆ తర్వాత నేను దిద్దలేదు. ఆదివారం స్టేషనుకి వస్తాను. నువ్వు దూరం నుంచి పిలిస్తే నాకు వినిపించదు, దగ్గరికొచ్చి పిలువు.

ఇట్లు,
నువ్వు ఏమని పిలిస్తే అదే